మేకల రోగానికి ఆవుల పేరు

మందల వెంట చరిత్ర: తొమ్మిదో భాగం

మస్కట్‌లో ఖురం అనగానే అక్కడ ఉండే తెలుగువాళ్లకు సముద్రపు ఒడ్డు, సెలవురోజు సాయంత్రం పిల్లలతో కిక్కిరిసే పార్కు గుర్తొస్తాయి. అరబ్బీలో ఆ మాటకు మడచెట్టు అని అర్థం. పేరుకు తగ్గట్టే నగరం నడిబొడ్డున ఒక మడ అడవి ఇంకా బతికే ఉంది. 1975 నుంచి దాన్ని ప్రభుత్వం కాపాడుతోంది. మన కోరింగలో పెరిగే తెల్లమడే అక్కడా పెరుగుతుంది. ఆ మడకు దగ్గరలో సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన రాతిగుట్ట ఒకటుంది. దాని పేరు రాస్ అల్ హమ్రా, అంటే ఎర్రకొన.

1980లలో ఇటలీ పురావస్తు బృందం ఈ గుట్ట మీద తవ్వకాలు జరిపింది. ఐదారు వేల ఏళ్ల కిందట అక్కడ కాపురమున్న బెస్తల ఊరూ వాళ్ల వల్లకాడూ బయటపడ్డాయి. ముత్యపుచిప్పను అరగదీసి చేసిన గాలాలు, వలలకు కట్టిన రాతిగుండ్లు, తిని పారేసిన నత్తగుల్లల దిబ్బలు దొరికాయి. కొన్ని సమాధుల్లో చనిపోయినవాళ్ల పక్కన సముద్రపు తాబేలు పుర్రెలు కూడా పెట్టారు. ఎముకల కుప్పలో చేపలవీ తాబేళ్లవీ ఎక్కువ. వాటి నడుమ అక్కడక్కడా మేక ఎముకలు, గొర్రె ఎముకలు, కొద్దిగా ఆవు ఎముకలు కనిపించాయి.

నా కథ ఆ మేక ఎముకల దగ్గరే మొదలవుతుంది. ఒమన్ కొండల్లో తహర్ అనే అడవి జంతువు ఉంది. చూడటానికి మేకలాగే ఉంటుంది గాని మన ఇంటి మేకకు అది తాతముత్తాతల వరస కాదు. ఇంటి మేక పుట్టింది ఇరాన్, అనటోలియా కొండల వైపు. అంటే రాస్ అల్ హమ్రా బెస్తల దగ్గరున్న మేకలు తమంతట తాము వచ్చినవి కావు. ఎవరో తోలుకొచ్చారు, లేదా పడవెక్కించి తెచ్చారు. ఆ రోజుల నుంచే అరేబియా మేక పరాయిచోటు నుంచి మనిషి వెంట నడిచొచ్చిన జీవి. దాని వెంట వచ్చిన రోగాలను గురించి ఆ ఎముకలు ఏమీ చెప్పవు. శ్వాసతో వచ్చి పది రోజుల్లో చంపే వైరస్ ఎముక మీద గుర్తు వదలదు. ఒకటి మాత్రం ఊహించవచ్చు. గుట్ట మీద నాలుగు మేకలున్న ఊళ్లోకి అలాంటి రోగం వచ్చినా ఎక్కువకాలం నిలవలేదు. అది నిలవాలంటే ఎప్పటికప్పుడు కొత్త పిల్లలు పుడుతూ ఉండే పెద్ద మందలు కావాలి, మందకూ మందకూ రాకపోకలు కావాలి. అవి రెండూ ఒమన్‌కు తర్వాత వచ్చాయి.

మన కాపరులు గొర్రెనూ మేకనూ కలిపి జీవాలు అంటారు. ఇంతకన్నా గౌరవమైన మాట నాకు తెలిసి మరో వృత్తిలో లేదు. ఒమన్‌లో ఆవులు లేవని కాదు. దక్షిణాన ధోఫార్ కొండల్లో వానాకాలపు పచ్చిక మీద బతికే ఆలమందలున్నాయి. మిగతా దేశమంతా మాత్రం మేకదే రాజ్యం. జెబల్ అఖ్దర్ మేక, బాతినా మేక, ధోఫారీ మేక అని సీమకో జాతి. నిజ్వాలో శుక్రవారం పొద్దున జరిగే మేకల సంత చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కొనేవాళ్లు గుండ్రంగా చుట్టూ చేరతారు. అమ్మేవాళ్లు మేకను తాడుతో పట్టుకుని, ధర కేక వేస్తూ ఆ వలయంలో తిప్పుతారు. నచ్చినవాడు పిలిచి పళ్లు చూస్తాడు, పొదుగు చూస్తాడు. పది ఊళ్ల జీవాలు ఒకదాని ఊపిరి ఒకటి పీల్చుకుని మధ్యాహ్నానికి మరో పది ఊళ్లకు చేరిపోతాయి. బక్రీదు దగ్గరపడితే ఆఫ్రికా తీరం నుంచి ఓడల్లో కూడా జీవాలు దిగుతాయి. మనం చెప్పుకోబోయే రోగానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు.

దాని పేరు పి.పి.ఆర్. ఫ్రెంచి పేరుకు పొట్టిరూపం అది. చిన్న నెమరువేత జంతువుల మహమ్మారి అని ఆ పేరుకు అర్థం. మన కాపరులు పారుడు అంటారు. మొదట 104 నుంచి 106 డిగ్రీల జ్వరం. కళ్లు, ముక్కు నీరు కారి పుసి కట్టి అతుక్కుపోతాయి. నోట్లో పుండ్లు పడి మేత ముట్టవు. ఆ తర్వాత కంపుకొట్టే పారుడు, దగ్గు, ఎగశ్వాస. చూడి జీవాలు ఈసుకుపోతాయి. ఈ రోగం ఇంతకుముందు తగలని మందలో పడితే పదింట తొమ్మిది కూడా పోవచ్చు. ఇది మనుషులకు రాదు. కానీ మన పిల్లలకు వచ్చే తట్టు వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ ఇంకో చుట్టం. అందరికన్నా పేరుమోసిన చుట్టం ఆవుల పెద్ద రోగం, రిండర్‌పెస్ట్.

పోయిన భాగంలో ఆ పెద్ద రోగాన్ని గురించే చెప్పుకున్నాం. 1880ల చివర ఎర్ర సముద్రపు ఒడ్డున మసావా రేవులో ఇటలీ సైన్యం దింపిన పశువులతో అది ఆఫ్రికాలో అడుగుపెట్టి ఆ ఖండపు ఆలమందలను ఊడ్చేసింది. ఆ పశువులు భారతదేశం నుంచి వెళ్లాయన్నది చరిత్రకారుల్లో బలంగా ఉన్న అభిప్రాయం. ఆ రోగం మీద భయం ఎంతగా పాతుకుపోయిందంటే, దాని లక్షణాలతో ఏ జీవం చచ్చినా పశువైద్యుడి కలం ముందు ఆ పేరే రాసేది. నోటిపుండ్లు, పారుడు, చావు కనిపిస్తే చాలు, పెద్ద రోగం అని నిశ్చయం. ఆవు చచ్చినా అదే పేరు, మేక చచ్చినా అదే పేరు.

ఆ అలవాటు మీద మొదటి అనుమానం 1942లో పడింది. పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్ అప్పట్లో ఫ్రెంచి వలస. గార్గడెనెక్, లలాన్ అనే ఇద్దరు పశువైద్యులు అక్కడ పెద్ద రోగంలా కనిపించే ఒక జబ్బుతో మేకలు, గొర్రెలు చావడం చూశారు. అందులో వింత ఏమీ లేదు. కానీ వాటితో ఒకే చోట మసలుతున్న ఆవులకు ఏమీ కాలేదు. పెద్ద రోగమే అయితే ముందు పోవలసినవి ఆవులు. ఈ ఒక్క గమనిక మీద వాళ్లు దానికి వేరే పేరు పెట్టారు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో గొప్ప క్షణం అదే. వైరస్ చేతికి చిక్కలేదు. మేక చస్తున్నప్పుడు పక్కనున్న ఆవు ఎలా ఉందో తలతిప్పి చూశారు, అంతే. నైజీరియా పల్లెల్లో జనం దాన్ని కాటా అనేవాళ్లు. ముక్కు కారడాన్ని బట్టి పెట్టిన పేరు అది. మన పారుడు లాగే అది కూడా కాపరి కళ్లతో చూసి పెట్టిన పేరు.

అయినా వేరే పేరు నిలదొక్కుకోవడానికి చాలాకాలం పట్టింది. ఇది పెద్ద రోగమే, మేకలకు అలవాటుపడి ఆవుల మీద పట్టు కోల్పోయిందని చాలామంది వాదించారు. 1962లో గిల్బర్ట్, మోనియే ఈ వైరస్‌ను ప్రయోగశాలలో కణాల మీద పెంచగలిగారు. 1979లో గిబ్స్, టేలర్, మరో ఇద్దరు కలిసి ఇది తట్టు, డిస్టెంపర్, పెద్ద రోగాల వరసలో నాలుగో వైరస్ అని, స్వతంత్రమైనదని తేల్చారు. ఈ డబ్ల్యూ.పి. టేలర్ పేరు గుర్తుంచుకోండి. ఇంగ్లండులోని పిర్‌బ్రైట్ పశువైరస్ పరిశోధనా కేంద్రం మనిషి. ఈ కథలో ఆయన మళ్లీ మళ్లీ వస్తాడు.

ఇక ఒమన్. 1970లో సుల్తాన్ కబూస్ గద్దెనెక్కే నాటికి ఆ దేశంలో మనుషులకే ఆసుపత్రులు చాలవు. మేకకు వైద్యుడెక్కడ? చమురు డబ్బుతో బడులు, రోడ్లు, ఆసుపత్రులు వచ్చిన ఆ పదేళ్లలోనే పశువుల రక్తనమూనాలు కూడా సీసాల్లోకి ఎక్కడం మొదలైంది. ఒమన్ పెంపుడు జంతువుల్లో వైరస్ వ్యాధుల మీద హెడ్జర్, బార్నెట్, గ్రే రాసిన వ్యాసం 1980లో అచ్చయింది. అరేబియా ద్వీపకల్పంలో పి.పి.ఆర్. చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా అక్కడి నుంచే మొదలుపెడతారు. 1983లో ఒమన్ మేకల నుంచి వైరస్‌నే పట్టుకున్నారు. ప్రయోగశాలల్లో దానికి ఒమన్ 83 అని పేరు. నలభై ఏళ్లు దాటినా పరిశోధకులు దాన్ని ఇంకా వాడుతూనే ఉన్నారు.

ఒమన్ సరిహద్దు ఊరు బురైమీకి ఆనుకునే ఎమిరేట్స్‌లోని అల్ ఐన్ ఉంది. అక్కడి జంతుప్రదర్శనశాలలో ఈ రోగం జింకల మీదా కొండమేకల మీదా పడింది. ఫర్లే, టేలర్, ఓబి 1987లో దాన్ని నమోదు చేశారు. ఇది చిన్న సంగతి కాదు. ఒమన్ ఎడారిలో చివరి అడవి అరేబియన్ ఓరిక్స్ జింకను 1972లో వేటగాళ్లు చంపారు. పరదేశాల జంతుశాలల్లో మిగిలినవాటిని పెంచి, 1982లో జిద్దత్ అల్ హరాసిస్ మైదానంలో మళ్లీ వదిలారు. వేట నుంచి కాపాడి తెచ్చుకున్న మందను ఒక మేక తుమ్ము తుడిచిపెట్టగలదన్న భయం అప్పటి నుంచీ ఉంది. అది ఉత్త భయం కాదని మంగోలియాలో తేలింది. 2016 చివర మొదలైన పి.పి.ఆర్. అక్కడి సైగా జింకలను వేలల్లో చంపింది.

1990లో టేలర్, అల్ బుసైదీ, టామ్ బారెట్ కలిసి ఒమన్‌లో పి.పి.ఆర్. నడకను గురించి ఒక వ్యాసం ప్రచురించారు. దాని సారాంశం ఒక కాపరికి చెప్పినట్టు చెబుతాను. ఈ రోగం ఒమన్‌లో ఎప్పుడో ఒకసారి బయటినుంచి వచ్చి పోయేది కాదు. ఏడాది పొడవునా అక్కడే కాపురముంటోంది. అది బతికేది ఏడాదిలోపు జీవాల మీద. ఒకసారి రోగం వచ్చి బతికిన జీవానికి మళ్లీ జన్మలో రాదు. తల్లి జున్నుపాలతో వచ్చిన రక్షణ పిల్లకు మూడు నాలుగు నెలలే ఉంటుంది. ఆ తర్వాత పిల్ల ఒట్టి చేతులతో నిలబడుతుంది. ఈత కాలం వచ్చిందంటే అలాంటి పిల్లలు మందకు పది, ఇరవై చొప్పున తయారవుతాయి. పొయ్యిలో కొత్త పుల్లలు ఎగదోసినట్టే. మంట పైకి లేస్తుంది, పుల్లలు అయిపోగానే తగ్గుతుంది, మళ్లీ ఈత కాలానికి లేస్తుంది. వైరస్‌కు దాక్కోవడానికి వేరే చోటు లేదు. కోలుకున్న జీవం దాన్ని మోసుకు తిరగదు. బయట ఎండలో అది ఎక్కువసేపు బతకదు. దాని ఆస్తి అంతా రేపు పుట్టబోయే మేకపిల్ల.

ఒమన్‌లో ఈ లెక్క తేలడానికి కారణం నాకు ఒకటే కనిపిస్తుంది. అక్కడ మేక ముఖ్యం కాబట్టి మేకనే అడిగారు. మన దగ్గర ఏం జరిగిందో చూస్తే ఈ మాట అర్థమవుతుంది.

మన దేశంలో పశువైద్యమంటే నూరేళ్లపాటు ఆవు, ఎద్దు, గేదె, గుర్రం. దుక్కిటెద్దు పోతే వ్యవసాయం పోతుంది, శిస్తు పోతుంది. కాబట్టి దొరలకు ఆవుల పెద్ద రోగం రాజ్యసమస్య. 1920లలో ముక్తేశ్వర్ పరిశోధనశాలలో జె.టి. ఎడ్వర్డ్స్ ఆ వైరస్‌ను మేక నుంచి మేకకు ఎక్కిస్తూ పోయి, ఆవులకు వేసే టీకాగా మలిచాడు. మేకకు రోగమెక్కించి, దాన్ని కోసి, ప్లీహం నూరి టీకా తయారుచేసేవాళ్లు. 1954లో స్వతంత్ర భారతం పెద్ద రోగ నిర్మూలన పథకం మొదలుపెట్టినప్పుడు కూడా కోట్ల పశువులకు వేసింది ప్రధానంగా ఆ మేక టీకానే. దాని వల్ల దేశానికి జరిగిన మేలు కొలవలేనిది. అందులో సందేహం లేదు. కానీ ఒక్కటి గమనించండి. ప్రభుత్వపు పశువైద్య లెక్కల్లోకి మేక మొదట వచ్చింది రోగిగా కాదు, ఆవు మందుకు ముడిసరుకుగా.

ఆ పథకం ఫలించి ఆవుల్లో పెద్ద రోగం తగ్గుతూ వచ్చింది. దక్షిణాదిలో మాత్రం గొర్రెల్లో, మేకల్లో పెద్ద రోగం అంటూ నివేదికలు ఆగలేదు. నిర్మూలన పనిలో ఉన్నవాళ్లకు ఇది గుండెల మీద బండ. మేకల్లో ఆ వైరస్ దాక్కుని ఉంటే ఎప్పుడైనా తిరిగి ఆవుల మీద పడుతుంది. అప్పుడు నలభై ఏళ్ల పని గంగలో కలిసినట్టే.

1987లో తమిళనాడులో అప్పటి దక్షిణ ఆర్కాటు జిల్లా, ఇప్పటి విల్లుపురం జిల్లా అరసూర్ గ్రామంలో గొర్రెలు ఇదే తీరులో చచ్చాయి. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలోని ఎం.ఎస్. శైల, తమిళనాడు పశువైద్య శాస్త్రవేత్తలు కలిసి ఆ వైరస్‌ను పరీక్షించారు. అది పెద్ద రోగం కాదు, పి.పి.ఆర్. అని 1989లో ప్రకటించారు. భారతదేశంలో ఈ రోగానికి దక్కిన మొదటి అధికారిక గుర్తింపు అది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలలో కూడా దొరికింది. 1990ల మధ్యకల్లా ఉత్తరాదిలోనూ కనిపించింది.

మన పత్రికలు ఆ రోజుల్లో కొత్త రోగం అని రాసి ఉంటే వాటి తప్పు లేదు, శాస్త్రం అలాగే అంది. అయితే ఏ కాపరి దొడ్డికైనా వెళ్లి అడిగి ఉంటే, పారుడు మా తాతల నాటిదే అని చెప్పేవాడేమో. 2002లో ఆ ప్రశ్నకు దగ్గరగా వెళ్లిన పరిశోధన ఒకటి వచ్చింది. రాసినవాళ్లలో మొదటి పేరు మళ్లీ మన టేలర్‌దే. ఒమన్ మేకల లెక్క తేల్చిన మనిషి తర్వాత భారతదేశపు పెద్ద రోగ నిర్మూలన పనిలో పాలుపంచుకున్నాడు. భారతీయ శాస్త్రవేత్తలతో, సెనెగల్‌కు చెందిన అడామా డియాలోతో కలిసి ఆయన రాసిన ఆ వ్యాసం శీర్షికలోనే తీర్పు ఉంది. దక్షిణ భారతంలో పి.పి.ఆర్. 1980ల చివరి నుంచైనా, అంతకుముందు నుంచైనా విస్తారంగా ఉందన్నది దాని సారం. అంటే గొర్రెల్లో పెద్ద రోగం అని రాసిన చావుల్లో కొన్ని నిజంగా పెద్ద రోగమే అయినా, చాలావాటికి కారణం ఇదే అయివుండాలి. మేక తన రోగంతో చచ్చింది. దస్త్రంలో ఆవు రోగంతో చచ్చినట్టు రాశారు.

ఎందుకలా జరిగిందంటే అప్పటి పరీక్షలకు ఆ రెంటినీ విడదీసే శక్తి లేదు. చుట్టాలైన వైరస్‌లు కాబట్టి ఒకదాని మీద శరీరం తయారుచేసుకున్న ఆయుధాలు రెండోదాన్నీ గుర్తుపడతాయి. అందుకే పెద్ద రోగం టీకా వేస్తే మేకకు పి.పి.ఆర్. నుంచి కూడా రక్షణ దొరికేది. వాల్టర్ ప్లౌరైట్ 1960 ప్రాంతంలో కెన్యాలో కణాల మీద పెంచి తయారుచేసిన ఆవుల టీకాను చాలా దేశాలు మేకలకూ వేశాయి. అది మంచిదే, కానీ ఒక చిక్కు తెచ్చింది. టీకా వేసిన మేక రక్తంలో పెద్ద రోగపు గుర్తులు కనిపిస్తాయి. ఆ దేశంలో పెద్ద రోగం పోయిందని రుజువు చేయాలంటే ఆ గుర్తులు ఉండకూడదు. కాబట్టి మేకకు మేక టీకానే కావలసి వచ్చింది. డియాలో బృందం నైజీరియా వైరస్‌తో 1989లో అలాంటి టీకాను సాధించింది. మన దగ్గర హిమాచల్ ప్రదేశ్‌లోని సుంగ్రిలో 1996లో దొరికిన వైరస్‌తో ముక్తేశ్వర్ శాస్త్రవేత్తలు టీకా చేశారు. ఒకప్పుడు మేకను కోసి ఆవుకు మందు చేసిన కొండమీదే మేక కోసం మందు తయారైంది. ఆ టీకాను ఇప్పుడు హైదరాబాద్ శాంతినగర్‌లోని పశువైద్య జీవ పరిశోధనా సంస్థలో కూడా తయారుచేస్తున్నారు.

ఒమన్‌కూ మనకూ మధ్య ఇంకో ముడి ఉంది. 1996లో శైల, బారెట్, డియాలో, మరికొందరు రకరకాల దేశాల పి.పి.ఆర్. వైరస్‌ల జన్యువులను పోల్చి ఒక వంశవృక్షం గీశారు. నాలుగు కొమ్మలు తేలాయి. రెండు పశ్చిమ ఆఫ్రికావి. మూడోది తూర్పు ఆఫ్రికా, అరేబియాలది. ఒమన్ 83 ఉన్నది దాని మీదే. నాలుగోది ఆసియాది, మన దేశపు వైరస్‌లు ఆ కొమ్మవే. ఒక్కటి తప్ప. 1992లో తమిళనాడులో దొరికిన వైరస్ మాత్రం ఒమన్, సూడాన్ వైరస్‌ల పక్కన మూడో కొమ్మ మీద కూర్చుంది. ఎలా వచ్చిందో జన్యువు చెప్పదు. వేల ఏళ్లుగా పడవలు తిరిగిన సముద్రమే ఆ రెండు ఒడ్డుల నడుమ ఉందని మాత్రం పటం చెబుతుంది. ఆ కొమ్మ మన నేల మీద వేరూనలేదు. ఆ తర్వాత ఇక్కడ దొరికినవన్నీ ఆసియా కొమ్మవే.

పెద్ద రోగం కథ సుఖంగా ముగిసింది. మన దేశంలో చివరి కేసు 1995లో తమిళనాడులోనే. 2006లో మనకు ఆ వైరస్ లేని దేశంగా గుర్తింపు దక్కింది. 2011 జూన్ 28న ప్రపంచమంతా దాని నుంచి బయటపడిందని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రకటించింది. మశూచి తర్వాత మనిషి భూమ్మీద లేకుండా చేసిన రెండో రోగం అది. ఆ పండగలో మేక కాపరికి దక్కింది తక్కువ. పెద్ద రోగం తగ్గుతున్న ఆ రోజుల్లోనే, 1990ల నుంచి పి.పి.ఆర్. ఎల్లలు దాటుతూ పోయింది. 2007లో టిబెట్‌కు, 2008లో మొరాకోకు చేరింది. 2024లో గ్రీసు, రొమేనియాలలో కూడా కనిపించింది.

మన ఊళ్లకు వస్తే, కాపరి బతుకే నడక మీద ఆధారపడింది. కాటమరాజు కథలో కరువుకు మందలు నెల్లూరు సీమకు దిగి, పుల్లరి తగాదా యుద్ధం దాకా పోవడం మనకు తెలుసు. ఇవాళ్టికీ ఎండాకాలం వస్తే పాలమూరు, అనంతపురం మందలు కృష్ణా ఒడ్డుకో డెల్టా కోత పొలాలకో సాగుతాయి. దారిలో ఒక మందకు పారుడు తగిలితే, రాత్రి అదే చేలో పడుకున్న నాలుగు మందలకూ తగులుతుంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టి కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చింది. వాటిలో చాలావాటిని పొరుగు రాష్ట్రాల నుంచి లారీల్లో తెచ్చారు. అంత పెద్ద ఎత్తున జీవాలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదిలినప్పుడు ముందు టీకా, తర్వాత కొన్నాళ్లు విడిగా ఉంచడం, ఆ తర్వాతే మందలో కలపడం. ఒమన్ పాఠం చదివినవాళ్లెవరికైనా తట్టే వరస ఇదే. ఈ వరస తప్పిన ప్రతిచోటా నష్టం కాపరిదే.

2010లో కేంద్రం పి.పి.ఆర్. నియంత్రణ పథకాన్ని మొదట దక్షిణ రాష్ట్రాల్లోనూ మరికొన్నిచోట్లా మొదలుపెట్టింది. 2015లో ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్‌లో, అంటే ఈ రోగానికి మొదట పేరు పెట్టిన దేశంలోనే, ప్రపంచ దేశాలు సమావేశమై 2030 నాటికి దీన్ని నిర్మూలించాలని తీర్మానించాయి. శాస్త్రం వైపు నుంచి అడ్డమేమీ లేదు. ఒక్క సూది చాలు, మూడేళ్లకు తక్కువ కాకుండా కాపాడుతుంది. అడ్డమంతా దారిలో ఉంది. టీకా మంచుపెట్టెలోనే ప్రయాణించాలి. మంద మాత్రం రోడ్డుకు పది కిలోమీటర్ల లోపల గుట్టల్లో ఉంటుంది. పశువుల ఆసుపత్రి తెరిచే వేళకు కాపరి మేపుకు వెళ్లిపోయి ఉంటాడు. ఆవు ఇంటి దగ్గర కట్టుగొయ్యకు ఉంటుంది కాబట్టి ఆవు కోసం కట్టిన వ్యవస్థ ఆవుకు అందింది. మేక కోసం వ్యవస్థే మేక వెంట నడవాలి. తెల్లవారకముందు దొడ్డి దగ్గర పెట్టే టీకా శిబిరమే మేలైనది. దాన్ని నడిపే పశువైద్య సిబ్బందికి మన గౌరవం ఎంత ఇచ్చినా తక్కువే.

ఒమన్, కువైట్, సౌదీ ఎడారుల్లో ఇవాళ మేకలు, గొర్రెలు, ఒంటెలు కాస్తున్నవాళ్లలో మన అన్నమయ్య, కడప, నిజామాబాద్, జగిత్యాల జిల్లాలవాళ్లున్నారు. ఇంటి దగ్గర మంద పోయి, అప్పు మిగిలి, పరాయి మంద కాయడానికి వెళ్లినవాళ్లూ ఉన్నారు. జీవం కళ్లు చూసి జ్వరం పసిగట్టగల మనుషులు వాళ్లు. గార్గడెనెక్, లలాన్‌లకు ఉన్న ఆ చూపు వాళ్లకు పుట్టుకతోనే ఉంది. వాళ్ల మాట అడిగి రాసుకున్నవాళ్లు లేరు.

అందుకే ఈ భాగం చివర పాఠకులను ఒకటి కోరుతున్నాను. మీ ఇంట్లో, మీ ఊళ్లో 1987కు ముందు మందలు కాసిన పెద్దలు ఎవరైనా ఉంటే దగ్గర కూర్చుని అడగండి. జీవాలు ముక్కు కారి, నోరు పూసి, పారి చచ్చిన ఏడాది ఏది, అప్పుడు పక్కనున్న ఆవులకు ఏమైనా అయిందా, దాన్ని వాళ్లు ఏ పేరుతో పిలిచారు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు, ఊరిపేరుతో, ఏడాదితో రాసి ఈ పత్రికకు పంపండి. ఆ వయసువాళ్లలో చిన్నవాళ్లకే ఇప్పుడు యాభై దాటింది.

వచ్చే భాగంలో కోళ్ల కొక్కెర తెగులు గురించి చెప్పుకుందాం.